పరిశోధన రాకపోవడానికి కారణం ఇంగ్లీషు కాదు

మన విశ్వవిద్యాలయాల్లో సామాజిక శాస్త్రాల పరిశోధన ఎందుకింత బలహీనంగా ఉందని అడిగితే స్టాఫ్ రూముల నుంచి సెమినార్ వేదికల దాకా ఒకటే జవాబు. పిల్లలు పల్లెల నుంచి, తెలుగు మీడియం నుంచి వస్తున్నారు, వాళ్ళకు ఇంగ్లీషు రాదు, అందుకే రాయలేకపోతున్నారు అంటారు. ఆ వెంటనే మందు కూడా చెబుతారు. ఆర్నెల్లు ఇంగ్లీషు నేర్పించండి, పది రోజుల రీసెర్చ్ మెథడాలజీ కోర్సుకు పంపండి, ఎస్.పి.ఎస్.ఎస్. నేర్పించండి, థీసిస్ ఫార్మాట్ చేతికివ్వండి, మిగతాది దానంతటదే వస్తుందని. ఈ మధ్య దీనికి ఇంకో మాట తోడైంది. అడిగితే చాలు ఇంగ్లీషు రాసిపెట్టే యంత్రాలు వచ్చాయి కాబట్టి ఇక రాత గురించి బెంగ అక్కర్లేదట.

ఈ వాదన తప్పు, పైగా చాలా హాని చేస్తోంది. నేర్పవలసినవాళ్ళు నేర్పకపోవడం వల్ల వచ్చిన లోటును, నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళ పుట్టుక మీదికీ చదివిన బడి మీదికీ నెట్టేస్తోంది. తనలోనే ఏదో లోపం ఉందని నమ్మిన స్కాలర్ అయిదారేళ్ళు తలవంచుకుని తిరిగి, చివరికి ఎవరిదో నమూనా ముందు పెట్టుకుని అధ్యాయాలు నింపి బయటపడుతున్నాడు. అతనికి పట్టా వస్తుంది, పరిశోధన రాదు.

నిజంగా ఇంగ్లీషే అడ్డయితే, ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళ థీసిస్‌లు బాగుండాలి. ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగలో దేశం నలుమూలల నుంచి వచ్చిన థీసిస్‌లు ఎవరైనా తెరిచి చదవవచ్చు. అర్థశాస్త్రం, రాజనీతి శాస్త్రం, సోషల్ వర్క్, కామర్స్, ఎడ్యుకేషన్, ఏ విభాగంలోవైనా కొన్ని తీసి పక్కపక్కన పెట్టి చూడండి. భాష శుభ్రంగా ఉన్నవాటిలోనూ, తడబడినవాటిలోనూ ఒకే చట్రం తరచుగా ఎదురవుతుంది. మొదటి అధ్యాయం ఉపోద్ఘాతం. రెండోది రివ్యూ ఆఫ్ లిటరేచర్: ఫలానా ఆయన ఫలానా ఏడు ఇలా అన్నాడు, ఇంకొకాయన ఇంకో ఏడు అలా అన్నాడు అంటూ పేరాకొకరు చొప్పున వరుస. ఒకరి మాటకూ ఇంకొకరి మాటకూ సంబంధమేమిటో, వాళ్ళలో ఎవరితో తనకు పేచీ ఉందో స్కాలర్ చెప్పడు. మూడో అధ్యాయంలో అధ్యయన ప్రాంత పరిచయం. స్వయం సహాయక సంఘాల మీద పరిశోధనకు జిల్లా అక్షాంశాలు, రేఖాంశాలు, నేలల రకాలు, సగటు వర్షపాతం ఎందుకో ఎవరూ అడగరు. నాలుగోది పట్టికలు. పట్టికలో 42 శాతం అని ఉంటుంది, కింద వాక్యంలో 42 శాతం మంది అని మళ్ళీ రాస్తారు. పై పట్టికను బట్టి స్పష్టమవుతున్నదేమనగా అని మొదలైన పేరాలో స్పష్టమయ్యేది ఏమీ ఉండదు. చివరి అధ్యాయంలో సూచనలు: ప్రభుత్వం అవగాహన కార్యక్రమాలు నిర్వహించాలి.

ఇందులో వ్యాకరణం ఎంత దిద్దినా ఏం మారుతుంది? వాక్యం సరిగ్గా ఉంటుంది, చెప్పే సంగతి మాత్రం ఉండదు. అలాంటి థీసిస్‌లో లేనిది ప్రశ్న. తనకు జవాబు తెలియని, తెలుసుకుని తీరాలనిపించే ప్రశ్న ఒక్కటి కూడా లేకుండా మూడు వందల పేజీలు నిండిపోతాయి.

శాంపిల్ సంగతి తీసుకుందాం. చాలా థీసిస్‌లలో 384 అనే అంకె కనిపిస్తుంది. అది క్రెజ్సీ, మోర్గన్ 1970లో ప్రచురించిన పట్టికలోది. జనాభా పది లక్షలుంటే 384 మంది చాలని ఆ పట్టిక చెబుతుంది. కానీ ఆ లెక్కకు ఒక షరతుంది. జనాభాలో ప్రతి ఒక్కరికీ ఎంపికయ్యే అవకాశం సమానంగా ఉండాలి, లాటరీ తీసినట్టు తీయాలి. మన స్కాలరేమో తెలిసినవాళ్ళకు, వాళ్ళకు తెలిసినవాళ్ళకు గూగుల్ ఫారం పంపి 384 దాకా పోగుచేసి, పట్టిక ప్రకారం శాంపిల్ సరిపోయిందని రాస్తాడు. షరతు తీసేశాక ఆ అంకెకు బలమేమీ లేదు. నలభై ఇళ్ళను జాగ్రత్తగా ఎంచుకుని ఏడాది పొడవునా వెళ్ళి వచ్చినా, ఇలా పోగుచేసిన 384 కంటే ఎన్నో రెట్లు నమ్మదగిన సంగతులు తెలుస్తాయి. ఇది అర్థం చేసుకోవడానికి పదో తరగతి లెక్కలు చాలు. ఇంగ్లీషు మీడియం చదవనక్కర్లేదు. ఎవరో ఒకరు కూర్చోబెట్టి, ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చిందని అడగాలి. వైవాలో కూడా ఆ ప్రశ్న అడగడం లేదంటే లోపం ఎవరిదో ఆలోచించాలి.

నలభై ఇళ్ళు అన్నది నోటికొచ్చిన అంకె కాదు. వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో మొదలుపెట్టిన గ్రామ అధ్యయనాల్లో ఊరికి నలభై కుటుంబాలే. భూమి లేని కూలీలు పది, చిన్న, మధ్యతరహా, పెద్ద రైతులు పదేసి. వాటిలో ఒక ఊరు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి. సమాచారం సేకరించేవాళ్ళు ఆ ఊళ్ళోనే కాపురముండి, మూడు నాలుగు వారాలకోసారి అవే గడపలు తొక్కి, పంటలు, కూలి, అప్పులు, పెళ్ళిళ్ళ ఖర్చులు రాసుకున్నారు. కరువొచ్చిన ఏడు పల్లెటూరి కుటుంబం తిండి ఎలా నిలబెట్టుకుంటుందన్న ప్రశ్న మీద రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో ఎకనోమెట్రికా పత్రికలో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసం ఆ లెక్కల మీదే నిలబడింది. ఔరేపల్లి గడపల ముందు కూర్చున్నవాళ్ళు రైతులతో మాట్లాడింది తెలుగులోనే. ఆ పరిశోధనకు విలువ తెచ్చింది వాళ్ళ ఓపిక, ఎంపికలో క్రమం, అడిగిందే మళ్ళీ అడిగి సరిచూసుకోవడం.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయానికి వస్తాను. పల్లె నుంచి, తెలుగు మీడియం నుంచి రావడం కొరత అంటున్నారు. అది కొరత కాదు, పెట్టుబడి. డెల్టా ఊరి నుంచి వచ్చిన ఒక విద్యార్థి వ్యవసాయ రుణాల మీద పరిశోధన చేస్తున్నాడనుకోండి. ప్రశ్నావళిలో మొదటి ప్రశ్న: మీకు ఎంత భూమి ఉంది? ఎదుట కూర్చున్న రైతు అరెకరం అంటాడు. ఫారంలో సన్నకారు రైతు అన్న గడిలో టిక్కు పడుతుంది. నిజానికి ఆయన ఆ ఏడు అయిదెకరాలు కౌలుకు చేస్తున్నాడు. కాగితం లేదు, నోటిమాట ఒప్పందం. ఎకరానికి ఇన్ని బస్తాలని మాట్లాడుకున్నారు. పాసుపుస్తకం హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న ఆసామి పేరున ఉంది. బ్యాంకు రుణం కూడా ఆయన పేరునే వస్తుంది. పెట్టుబడికి కౌలుదారు ఎరువుల కొట్టు దగ్గరో కమీషన్ వ్యాపారి దగ్గరో అప్పు తెచ్చుకుని, పంట అక్కడే తోలాలి. ప్రశ్నావళిలో వీటికి గడులు లేవు. చివరికి పట్టికలో తేలేదేమిటి? సన్నకారు రైతుల్లో అత్యధికులు బ్యాంకు రుణం తీసుకోవడం లేదని. కారణం, అవగాహన లోపం. సూచన, అవగాహన సదస్సులు.

ఆ కౌలు సంగతి ఆ విద్యార్థికి తెలియక కాదు. వాళ్ళ నాన్నో మేనమామో అదే బతుకు బతికి ఉండవచ్చు. ఊళ్ళో ఎవరి పొలం ఎవరు చేస్తున్నారో అతను చూడకుండా చెప్పగలడు. కానీ ఆ తెలిసిన సంగతికి పరిశోధనలో చోటుంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు. ప్రశ్నావళి అంటే పాత థీసిస్ అనుబంధంలో నుంచి ఎత్తి రాసుకునేదని నేర్పారు. భూమి ఎంత ఉందని అడిగే ముందు ఈ ఏడు ఎంత సాగుచేస్తున్నారని అడగాలనీ, ఎవరి పేరున, ఎంత కౌలుకు, పంట పోతే కౌలు తగ్గిస్తారా అని వరుసగా అడగాలనీ నేర్పి ఉంటే అదే విద్యార్థి ఎంతో మంది పెద్దల కంటే మంచి పరిశోధన చేసేవాడు.

అంతటితో ఆగదు. ప్రభుత్వ లెక్కల్లోనే ఈ చిక్కుంది. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ గణన ప్రధానంగా గ్రామ భూరికార్డుల మీద ఆధారపడుతుంది కాబట్టి నోటిమాట కౌలు అందులోకి దాదాపు రాదు. జాతీయ నమూనా సర్వే ఇంటికి వెళ్ళి అడుగుతుంది కాబట్టి అందులో కౌలు ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. రెండూ ప్రభుత్వానివే. ఏ లెక్క ఎలా పుట్టిందో తెలియకుండా దాన్ని థీసిస్‌లో ఎత్తి రాయడం నేల విడిచిన సాము. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద కార్డు కావాలంటే భూయజమాని సమ్మతి ఉండాలి. ఆ సమ్మతి ఎందుకు దొరకదో, భూమి చేయి జారుతుందన్న భయం యజమానిలో ఎక్కడి నుంచి వచ్చిందో అడిగితే అదొక మొత్తం పరిశోధన. ఈ దారి పట్టించడానికి గైడ్‌కు కావలసింది పొలం గట్ల మీది వ్యవహారం తెలియడం, ఆధారాన్ని అనుమానించే అలవాటు.

ఇక పది రోజుల కోర్సులు. ఐ.సి.ఎస్.ఎస్.ఆర్. వంటి సంస్థలు డబ్బిచ్చి నడిపిస్తున్నాయి. మంచి ఉద్దేశమే. కొన్నిచోట్ల మంచి గురువులూ వస్తారు. అయితే ఎక్కువ చోట్ల జరిగేది శాంపిలింగ్ ఎన్ని రకాలు, హైపోథీసిస్ ఎన్ని రకాలు, స్కేళ్ళు ఎన్ని రకాలు అన్న జాబితా పాఠం. పది రోజుల్లో స్కాలర్ చేత ఒక్క పేజీ అయినా రాయించి, దాన్ని అతని ముందే చదివి, ఈ వాక్యానికి ఆధారమేమిటని అడిగే గంట దొరకదు. యు.జి.సి. 2009 నిబంధనలతో పీహెచ్.డి.కి కోర్సువర్క్ తప్పనిసరి చేసింది. 2016లో అందులో కనీసం నాలుగు క్రెడిట్లు పరిశోధన పద్ధతులకు ఉండాలంది. 2022లో కనీసం పన్నెండు క్రెడిట్ల కోర్సువర్క్, అందులో పరిశోధన నీతి మీద ఒక కోర్సు కూడా అంది. చోటు ఉంది, గంటలు ఉన్నాయి. ఆ గంటల్లో నిర్వచనాలు చెప్పించి చివర పరీక్ష పెడితే, నిర్వచనాలు వచ్చినవాళ్ళు తయారవుతారు.

రాత గురించి ఉన్న అపోహ మరీ లోతైనది. ముందు డేటా, తర్వాత విశ్లేషణ, అన్నీ అయ్యాక చివరి ఏడాది కూర్చుని రాయడం అనే వరుసను అందరూ ప్రకృతి నియమంలా చెబుతారు. సామాజిక శాస్త్రాల్లో పని చేసి చూపించిన చాలామంది ఇలా చేయలేదు. ఇంగ్లండులో బియాట్రిస్ వెబ్, సిడ్నీ వెబ్ దంపతులు ఒక్కో సంగతిని ఒక్కో విడి కాగితం మీద, తేదీ, చోటు, ఆధారంతో సహా రాసేవారు. కాగితాలు విడివిడిగా ఉంటే రకరకాలుగా పేర్చి చూడవచ్చు. కాలం వారీగా పేర్చినప్పుడు కనిపించని సంబంధం చోటు వారీగా పేర్చినప్పుడు కనిపిస్తుంది. కనుక్కోవడం అక్కడే జరిగేదని బియాట్రిస్ రాసింది. అమెరికా సమాజ శాస్త్రవేత్త సి. రైట్ మిల్స్ 1959లో వెలువరించిన ది సోషియలాజికల్ ఇమాజినేషన్ చివర ఒక అనుబంధం చేర్చాడు. రోజూ ఒక ఫైలు నడపమనీ, చదివింది, చూసింది, అనుమానమొచ్చింది అన్నీ అందులో పడేయమనీ, అప్పుడప్పుడూ దాన్ని తిరగతోడమనీ ఆ అనుబంధం చెబుతుంది. హోవర్డ్ బెకర్ 1986లో సామాజిక శాస్త్రవేత్తల రాత మీద ఒక పుస్తకమే రాశాడు. ఇంగ్లీషే మాతృభాషగా పుట్టిన అమెరికా విద్యార్థులు రాయడానికి ఎంత భయపడతారో, ఆ భయంతో ఎలాంటి బరువైన, అర్థం లేని వాక్యాల వెనక దాక్కుంటారో అందులో ఉంది. ఇంగ్లీషు వస్తే రాత వస్తుందనేవాళ్ళు ఆ ఒక్క పుస్తకానికైనా జవాబు చెప్పాలి. మొదటి ప్రతి తప్పుగానైనా త్వరగా రాయమనీ, తన ఆలోచనలో ఏముందో రాసి చూసుకుంటే గానీ తెలియదనీ బెకర్ ఉద్దేశం.

ఇక్కడ సమాజ శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్‌ను అడ్డు తెచ్చేవాళ్ళున్నారు. మైసూరు దగ్గర రాంపుర అని ఆయన పేరు పెట్టిన ఊళ్ళో 1948లో ఫీల్డ్‌వర్క్ చేశాడు. ఏళ్ళ తరబడి క్రమపరిచిన నోట్సు ప్రతులు 1970లో స్టాన్‌ఫర్డ్‌లో ఆయన పనిచేస్తున్న చోట పెట్టిన మంటల్లో కాలిపోయాయి. అయినా జ్ఞాపకం మీద ఆధారపడి ది రిమెంబర్డ్ విలేజ్ రాశాడు, 1976లో వచ్చింది. చూశారా, నోట్సు లేకుండానే గొప్ప పుస్తకం రాయవచ్చంటారు. నా ఉద్దేశంలో ఇది అందుకు సరిగ్గా ఎదురు సాక్ష్యం. అన్నేళ్ళు ఆ నోట్సును రాసి, విడదీసి, మళ్ళీ రాసిన మనిషి కాబట్టే ఊరు ఊరంతా ఆయన తలలో నిలిచింది. ఒక్కసారి ఫారం నింపి, డేటా ఎంట్రీకి ఇచ్చేసినవాడి కాగితాలు కాలిపోతే ఏం గుర్తుంటుంది?

తెలుగులో ఇదంతా ఎక్కడ సాధ్యమంటారా? సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్ర 1949లో వచ్చింది. సాహిత్య అకాడమీ తెలుగుకిచ్చిన మొదటి పురస్కారం, 1955లో, దానికే. రాజుల చరిత్ర పక్కన పెట్టి ప్రజలు ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలు ఆడారు అన్న ప్రశ్న వేసుకున్నాడాయన. దానికి శాసనాలు చాలవని, పాల్కురికి సోమన నుంచి హంసవింశతి దాకా కావ్యాలను ఆధారాలుగా చదివాడు. కావ్యాన్ని కావ్యంగా చదవడం వేరు, ఆ కాలపు వంటింటికీ సంతకూ సాక్ష్యంగా చదవడం వేరు. ఏ వర్ణన కవుల ఆనవాయితీ, ఏది కవి కళ్ళారా చూసింది అన్నది తేల్చుకోవాలి. ఇవాళ ఆయన నిర్ణయాలు కొన్నిటితో పేచీ పడవచ్చు, పడాలి కూడా. ఆ పని చేసిన తీరు మాత్రం ఏ మెథడాలజీ తరగతిలోనైనా పాఠంగా పెట్టదగినది. భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటం ఇంకొకటి. జిల్లా జిల్లాకూ మనుషులను పంపి, రైతుల నోటి నుంచి పనిముట్ల పేర్లు, నేలల పేర్లు, పనుల పేర్లు సేకరించి, ఏ పదం ఎక్కడ వాడతారో గుర్తించి కూర్చారు. ఎవరిని అడగాలి, ఏ వరుసలో అడగాలి, ఇద్దరు రెండు మాటలు చెబితే ఏం చేయాలి అన్నవన్నీ అక్కడ తేల్చుకున్న సమస్యలే. మన ఎం.ఏ. సోషియాలజీ తరగతుల్లో ఇవి పాఠాలుగా ఎందుకు లేవు?

ఇంగ్లీషు అక్కర్లేదని నేననడం లేదు. సామాజిక శాస్త్రాల్లో చదవవలసినదాంట్లో చాలా భాగం ఆ భాషలోనే ఉంది. ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ చదవలేని స్కాలర్ తన రంగంలో ఏం జరుగుతోందో తెలియక వెనకబడతాడు. కాబట్టి చదివి అర్థం చేసుకునేంత ఇంగ్లీషు కోసం గట్టిగా కష్టపడాలి, విశ్వవిద్యాలయం సాయం చేయాలి. థీసిస్ ఏ భాషలో సమర్పించాలన్నది విశ్వవిద్యాలయం నిబంధన. ఫీల్డ్ డైరీ ఏ భాషలో రాసుకోవాలి, వాదం మొదటిసారి ఏ భాషలో కాగితం మీద పెట్టాలి అన్నది స్కాలర్ ఇష్టం. రైతు తెలుగులో చెప్పినదాన్ని రాత్రికి రాత్రే తెలుగులో, ఆయన మాటల్లోనే రాసుకున్నవాడి దగ్గర ఆధారం చెక్కుచెదరకుండా ఉంటుంది. తనకు పూర్తిగా పట్టుబడని భాషలో ముక్తసరిగా రాసుకున్నవాడి దగ్గర అప్పటికే సగం పోయి ఉంటుంది.

యంత్రాల గురించి కూడా ఒక మాట. యు.జి.సి. 2018 నిబంధనల ప్రకారం పది శాతం లోపు సామ్యం ఉంటే శిక్ష లేదు. దాంతో చాలామందికి నిజాయితీ అంటే ఆ పది శాతం కిందికి రావడమే అయిపోయింది. పదాలు మార్చి శాతం తగ్గించుకోవడమే ఒక నైపుణ్యంగా చలామణీ అయింది. ఇప్పుడు ఆ పనీ యంత్రమే చేసిపెడుతోంది. అది ఎక్కడా లేని పుస్తకాలను కూడా ఆధారాలుగా చూపించగలదు. ప్రశ్న అడగగానే కౌలుదారు జవాబు చెప్పే ముందు పక్కనున్న ఆసామి కొడుకు వైపు ఎందుకు చూశాడో దానికి తెలియదు, అక్కడ కూర్చున్న స్కాలర్‌కు తెలుసు. ఆ చూపును రాసుకుని, దాని అర్థమేమిటని తర్జనభర్జన పడటమే పరిశోధన. ఆ కష్టాన్ని యంత్రానికి అప్పజెప్పినవాడికి ఇక నేర్చుకోవడానికి ఏమీ మిగలదు.

చివరిగా గైడ్‌లు చెప్పే మాట: టైము లేదు, ఒక్కొక్కరి చేత రాయించి దిద్దడం అయ్యే పని కాదు. నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి ఎనిమిది మందికి మించి పీహెచ్.డి. స్కాలర్లు ఉండకూడదు. అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర నలుగురు. ఒక్కొక్కరు పదిహేను రోజులకు మూడు పేజీలు, ఒక్క ఆధారం మీద, అది ఎలా పుట్టింది, ఏం చెబుతోంది, ఏం చెప్పడం లేదు అని రాసి తేవాలని పెడితే, ఎనిమిది మందికీ కలిపి ఇరవై నాలుగు పేజీలు. చదివి, మార్జిన్‌లో ప్రశ్నలు రాసి, అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి ఒకరిది ఇంకొకరి చేత చదివించడానికి పక్షానికి ఒక రోజు చాలు. తెలుగులో రాసినా సరే, ఇంగ్లీషులో రాసినా సరే. రెండేళ్ళలో ఒక్కొక్కరి దగ్గరా నూట నలభై పేజీల పైన పోగవుతాయి. సినాప్సిస్ రాయడానికి కూర్చున్న రోజున అతని ముందు ఖాళీ కాగితం ఉండదు. ఇంగ్లీషు రాక రాయలేకపోతున్నారని నిర్ధారించే ముందు, ఏ విభాగమైనా ముందుగా ఈ రెండేళ్ళూ ఇలా నడిపి చూడాలి.